చతుర్బోల్టు విజయం

కావ్యానికి మొదట ఆశీస్సో, నమస్కారమో, వస్తునిర్దేశమో ఉండాలన్నారు పెద్దలు. మూడూ ఒక్క ఊపిరిలో చెల్లిస్తున్నాం. పెట్రోలుకు జయమగుగాక! పొర మీద పొర పేర్చి ప్లైవుడ్డు అంటించిన మహానుభావుడెవరో ఆయనకు సాష్టాంగ దండం! ఇక వస్తువు: తార్నాకలో ఒక పాత ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద, రిటైరైన పాలిటెక్నిక్ మాస్టారొకరు 9 అడుగుల రెక్కల రేడియో విమానపు ముక్కుకు 30 సీసీ పెట్రోలు ఇంజన్‌ను నాలుగంటే నాలుగు బోల్టులతో బిగించుట. వినుడు!

ఆదివారం తెల్లవారింది. సప్తాశ్వరథారూఢుడైన భాస్కరుడు హబ్సిగూడ మేడల మీదుగా తన బండిని తోలుకుంటూ వచ్చి, షెడ్డు రేకుల కంతల్లోంచి లోపలికి తొంగిచూసి నివ్వెరపోయాడు. తన రథానికి పూన్చినవి ఏడు గుర్రాలు. ఇక్కడ అట్టపెట్టెలో, స్పాంజి పాన్పు మీద, మడిచిన కాగితం దుప్పటి కింద నిద్రపోతున్న ఆ చిట్టి మృగంలో ఒదిగి ఉన్నవి మూడున్నర. సరిగ్గా తన సైన్యంలో సగం! పైగా వీటికి గడ్డి అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, అదిలించడానికి అనూరుడు అక్కర్లేదు. ఒక నిప్పురవ్వ చాలు. సూర్యుడు చిన్నబోయి మబ్బు చాటుకు తప్పుకున్నాడని కొందరు, ఆ మబ్బు అప్పటికే అక్కడ ఉందని మరికొందరు అంటారు.

షెడ్డు నడుమ, దూది పరిచిన రెండు కొయ్య పీటల మీద, పుష్పకం కొలువుతీరి ఉంది. కుబేరుడు ఎక్కిన పుష్పకం వేరు, రావణుడు గుంజుకున్నదీ అదే. ఇది బెంగళూరు సంతానం. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు నిర్మించగా 1958లో తొలిసారి గాలిలోకి లేచి, దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో కొత్తగా చేరినవారికి ఆకాశపు ఓనమాలు దిద్దబెట్టిన రెండు సీట్ల పుష్పక్ విమానానికి నాలుగోవంతు కొలత ప్రతిరూపం. పెద్ద పుష్పక్ రెక్కలు కొసనుంచి కొసకు 36 అడుగులు, దీనివి 9. దాని రొమ్ములో 90 గుర్రాల కాంటినెంటల్ ఇంజన్ హుంకరించేది. దీని రొమ్ములో ప్రస్తుతానికి ఒక సాలీడు కాపురముంది.

ఆ సుందరిని ఏమని వర్ణించేది! ఈక్వెడార్ అడవుల్లో ఎదిగి, సముద్రాలు దాటి, మాస్టారి బ్లేడు కింద పొరలు పొరలుగా విచ్చుకున్న బాల్సా కర్ర పక్కటెముకలు. ఆ పక్కటెముకల మీద ఇస్త్రీపెట్టె వేడికి బిగిసి, వేలితో మీటితే మృదంగంలా పలికే పసుపు చీర. నెలవంక ఒంపును అప్పు తెచ్చుకున్న రెక్క కొసలు. శరన్మేఘం నుంచి కోసుకొచ్చినట్టున్న తెల్లని తోక. సర్వావయవ సంపూర్ణ, సర్వలక్షణ సమన్విత. ఒక్కటే కొరత. ముక్కు లేదు. ముక్కు ఉండవలసిన చోట 6 మిల్లీమీటర్ల మందాన బర్చ్ ప్లైవుడ్ గోడ బల్లపరుపుగా, బోసిగా, లక్ష్మణుడి కత్తికి ఎదురొచ్చిన శూర్పణఖ ముఖంలా నిలబడి ఉంది. ఆ గోడ పేరు ఫైర్‌వాల్. ఈ కావ్యానికి కురుక్షేత్రం అదే.

నాయకుడు మాస్టారు, ధీరోదాత్తుడు. చెవి సందున పెన్సిలు, నుదుట ఒక జత కళ్లద్దాలు, ముక్కుమీద మరొక జత, కవచంగా ఎపాక్సీ మరకల బనియను, గదగా అలెన్ కీ. ఆయన కుడిభుజం ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు. సన్నని చెయ్యి ఉండటమే ఈ యుద్ధంలో అతని అస్త్రం, ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది. ఎడమభుజం సందు చివర స్కూటర్ షాపు భాయ్. కార్బురేటర్‌ను చెవితో విని నాడి చెప్పగల ధన్వంతరి. ఇక అంతఃపురం వైపు నుంచి అప్పుడప్పుడూ ఆకాశవాణిలా వినిపించే గొంతు అమ్మగారిది.

"ఏవండీ, ఆ పెట్రోలు వాసన వంటింట్లోకి వస్తే మాత్రం మధ్యాహ్నం మీకు అదే భోజనం!"

అట్టపెట్టె తెరుచుకుంది. రెక్కలు రెక్కలుగా కోసిన అల్యూమినియం సిలిండరు, వెయ్యి పడగల్లో కొన్నింటిని అరువిచ్చిన ఆదిశేషుడిలా పైకి లేచింది. వెనుక భాగాన కార్బురేటర్ ఇత్తడి ముఖంతో నవ్వింది. తలమీద స్పార్క్ ప్లగ్గు కిరీటంలో రత్నంలా కూర్చుంది. మాస్టారు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఇరుసును నెమ్మదిగా తిప్పారు. లోపల పిస్టను నిద్రలో అటునుంచి ఇటు ఒత్తిగిలినట్టు "బుస్" అంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భాయ్ నోట మాట పెగల్లేదు. పెగలగానే "మస్తుంది సార్" అన్నాడు.

వీరుడు రంగంలోకి దిగితే వంశం చెప్పాలి. 1930ల మొదట్లో అమెరికాలో విలియం బ్రౌన్ అనే యువకుడు గుప్పెట్లో పట్టే పెట్రోలు ఇంజన్ ఒకటి చేయగా, దాన్ని తన నమూనా విమానానికి తగిలించి మాక్స్‌వెల్ బాసెట్ పోటీల్లోకి దిగాడు. అప్పటిదాకా మెలితిప్పిన రబ్బరు పట్టీల బలంతో ఎగిరిన విమానాలన్నీ తెల్లమొహం వేశాయి. ఆ వంశంలో 1937లో మిషిగన్ రాష్ట్రపు కలమజూలో గుడ్ సోదరులు వాల్టర్, విలియం పుట్టించిన "గఫ్" పెట్రోలు తాగి, రేడియో మాట విని ఎగిరింది. నకులసహదేవుల్లాంటి ఆ కవలల విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో విశ్రాంతి తీసుకుంటోంది. ఇక 2003 ఆగస్టు సంగతి చెబితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చూపూ వినికిడీ బాగా సన్నగిల్లిన వయసులో మేనార్డ్ హిల్ తన బృందంతో చేసిన 5 కిలోల లోపు నమూనా విమానం న్యూఫౌండ్‌లాండ్ కొండకొమ్మున లేచి, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా దాదాపు 39 గంటలు ఆగకుండా, 3,000 కిలోమీటర్లు దాటి ఐర్లండ్ ఒడ్డున దిగింది. ఆంజనేయుడికి దారి మధ్యలో మైనాకుడైనా లేచి కాసేపు ఆగమన్నాడు. పాపం దీనికి ఆ మాట అన్నవాడు కూడా లేడు. అట్టి వంశంలో పుట్టినది ఈ 30 సీసీ మృగరాజు. అట్టిదాన్ని నిలబెట్టడానికి గోడమీద చోటు వెతకడం సామాన్య కార్యమా?

మంత్రాంగం మొదలైంది. మాస్టారు మూలమట్టం ఆనించి, ఫైర్‌వాల్ మీద నిలువునా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశారు. గీతలు కలిసినచోట పెన్సిలు ముక్కు ఆనించి ధ్యానంలోకి వెళ్లారు.

"మామయ్యా, అక్కడే నడిమధ్యన సూటిగా బిగిస్తే అయిపోలా?" అన్నాడు మేనల్లుడు.

షెడ్డు నిశ్శబ్దమైంది. ద్రోణుడు శిష్యుణ్ణి చెట్టుమీది పిట్టను చూపి ప్రశ్నించినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం లేదు.

"ఒరేయ్ నాన్నా," అన్నారు మాస్టారు, "పైలట్ సీటులోంచి చూస్తే ప్రొపెల్లర్ కుడిచేతివాటంగా తిరుగుతుంది. అది అటు తిరిగితే విమానం ఇటు, ఎడమకి, ఒరగాలని చూస్తుంది. పైగా ప్రొపెల్లర్ తోసిన గాలి పాములా ఒంటిని చుట్టుకుంటూ వెనక్కి పోయి, తోకమీది నిలువు రెక్కను ఎడమ చెంప మీద ఈడ్చి కొడుతుంది. దాంతో తోక కుడికి, ముక్కు ఎడమకి. సూటిగా బిగించావనుకో, నేలమీంచి లేచిన క్షణంలోనే ఎడమపక్కన పొదలోకి పోతుంది. అందుకని ఇంజన్ 2 డిగ్రీలు కుడికి చూడాలి."

ఆహా, ఆ 2 డిగ్రీలు! ప్రబంధ నాయిక తల తిప్పీ తిప్పకుండా, చూసీ చూడనట్టు విసిరే ఓరచూపు అంతే కదా! ఒక డిగ్రీ తగ్గితే ప్రేమ తెలియదు, రెండు డిగ్రీలు పెరిగితే పరువు దక్కదు. అయితే కుడికి ఓరగా చూసే ముక్కు కుడికి జరిగిపోతుంది కూడా. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ దాకా 160 మిల్లీమీటర్లు ఉన్న ఈ ఇంజన్ 2 డిగ్రీలు తిరిగితే కొస సుమారు 5.6 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. రేపు పైన తొడిగే కౌలింగ్ అనే ముఖకవచంలో ప్రొపెల్లర్ ఇరుసు నడిమధ్యన రాకపోతే లోకం నవ్వదా? కనుక నీతికోవిదుడైన మాస్టారు ఇంజన్ పీఠాన్నే ముందుగా 5.6 మిల్లీమీటర్లు ఎడమకు జరిపి గుర్తు పెట్టారు. కుడికి చూడబోయేవాణ్ణి ఎడమన కూర్చోబెట్టడం! చాణక్యుడు ఉంటే లేచి నిలబడి శిఖ సవరించుకునేవాడు.

నాలుగు చుక్కలు పడ్డాయి. నాలుగు దిక్కుల దిక్పాలకులు వచ్చి ఒక్కో చుక్క మీద కూర్చున్నారు. భాయ్ డ్రిల్లు అందుకున్నాడు.

ఇక యుద్ధం వర్ణిస్తే పుణ్యం, వర్ణించకపోతే పాపం. "గుర్‌ర్‌ర్" మని పాంచజన్యంలా డ్రిల్లు పూరించగా, ఉక్కు బిట్టు సుడిగాలిలా సుళ్లు తిరుగుతూ ప్లైవుడ్డు రొమ్ములోకి దూసుకుపోగా, పొర తర్వాత పొర "నేనున్నా, నేనున్నా" అంటూ అడ్డం పడి కూలిపోగా, బంగారు రంగు పొట్టు రణధూళియై లేచి మాస్టారి కనుబొమలను, భాయ్ మీసాన్ని, మేనల్లుడి కాఫీని సమానదృష్టితో కప్పివేసింది. వెనక చీలికలు లేవకుండా మేనల్లుడు అవతలివైపు ఒక చెక్కముక్క ఆనించి, కర్ణుడి రథచక్రాన్ని ఒంటరిగా మోస్తున్నవాడిలా పళ్లు బిగబట్టి నిలుచున్నాడు. ఒకటో కన్నం పడింది. రెండోది పడింది. మూడోది పడింది. నాలుగో కన్నం దగ్గర కరెంటు పోయింది.

దైవం వీరుణ్ణి పరీక్షించే ఘడియ అదే. భాయ్ చలించలేదు. గోడకు వేలాడుతున్న పాత చేతిడ్రిల్లును దించి, దుమ్ము ఊది, పిడి తిప్పుతూ నాలుగో కన్నాన్ని స్వహస్తాలతో సాధించాడు. కన్నం పూర్తయ్యాక కరెంటు వచ్చింది.

ఇప్పుడు బ్లైండ్ నట్ల ఘట్టం. ఇవి ఫైర్‌వాల్ వెనక, ఎవరి కంటా పడకుండా, నాలుగు చిన్న పళ్లతో చెక్కను కరిచి పట్టుకుని, ముందునుంచి వచ్చే బోల్టుకు జీవితాంతం చెయ్యిచ్చి నిలబడే అజ్ఞాతవాసులు. వీటిని సుత్తితో కొట్టి దిగేయడం మూర్ఖుల మార్గం. దెబ్బకు గోడ అంటు సడలుతుంది. మాస్టారి మార్గం వేరు. నట్టును వెనుకనుంచి ఆనించి, ముందునుంచి బోల్టూ పెద్ద వాషరూ వేసి నెమ్మదిగా బిగిస్తే, నట్టు తనంతట తానే పళ్లు దించుకుంటూ చెక్కలోకి ఒదుగుతుంది. పళ్ల చుట్టూ కాస్త ఎపాక్సీ. ఆ ఎపాక్సీ మరలోకి జారకుండా మరకు ముందుగా చిటికెడు గ్రీజు. కానీ ఫైర్‌వాల్ వెనక్కి చెయ్యి పోయేదెలా? మేనల్లుడి అస్త్రం ఇక్కడ పనికొచ్చింది. పైలట్ ఎక్కవలసిన తలుపులోంచి మోచెయ్యి దాకా దూర్చి, పైలట్ కాళ్లు పెట్టవలసినచోట వేళ్లు చాచి, అతను ఒక్కొక్క నట్టునూ గుడ్డిగా, స్పర్శమాత్ర జ్ఞానంతో, కన్నానికి ఆనించాడు. ఒకటి. రెండు. మూడు.

"టింగ్!"

నాలుగోది జారింది. విమానపు కడుపులోకి, కర్రల సందుల్లోకి, అతల వితల సుతలాలు దాటుకుంటూ తోక దిక్కున పాతాళానికి దొర్లిపోయింది. ఆ ధ్వనికి ముగ్గురి గుండెలూ మూడు చప్పుళ్లు మరచిపోయాయి. తోక ఎత్తారు, ముక్కు దించారు, విమానాన్ని పసిబిడ్డను ఊపినట్టు ఊపారు. లోపల గలగలమంటుంది గానీ బయటికి రాదు. చీర చింపుదామా అన్నాడు మేనల్లుడు. ఆ మాటకు మాస్టారు చెవులు మూసుకున్నారు.

అప్పుడు కదిలింది అంతఃపురం. అమ్మగారు చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని, మారుమాట లేకుండా వెనక్కి వెళ్లి, ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లును పట్టుకుని నిల్చున్న అయస్కాంతపు నెమలిని పెరికి తెచ్చారు. మెడకు పూలదారం కట్టి తలుపులోంచి లోపలికి వదిలారు. హిరణ్యాక్షుడు దాచిన భూదేవిని వెతుకుతూ జలధిలోకి దిగిన ఆదివరాహంలా నెమలి చీకట్లోకి దిగింది. తోక గదులు తడిమింది. "టిక్" అంది. దారం పైకి లాగితే, పాదాల చెంత నట్టుతో నెమలి వెలుగులోకి వచ్చింది. భాయ్ చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, మీరు లేకుంటే ఇయాల మా పని ఖతమయ్యేది!"

"బిల్లు కట్టాలి, గుర్తుంచుకోండి," అని మాస్టారితో అని అమ్మగారు నిష్క్రమించారు. వరమిచ్చి మాయమయ్యే దేవతలు చివర ఒక నియమం చెప్పడం పురాణాల్లో ఉన్నదే.

ఎపాక్సీ గట్టిపడింది. ప్రతిష్ఠా ముహూర్తం వచ్చింది. ఇంజన్ వీపుకూ ఫైర్‌వాల్‌కూ మధ్య, కార్బురేటర్‌కు ఊపిరాడేంత చోటు విడుస్తూ, నాలుగు అల్యూమినియం స్తంభాలు నిలిచాయి. ఎడమవైపు రెండు స్తంభాల కింద 2 మిల్లీమీటర్ల మందాన వాషర్లు పడ్డాయి. 60 మిల్లీమీటర్ల ఎడమున్న బోల్టుల మధ్య ఆ మాత్రం ఎత్తు చాలు, ఇంజన్ కుడికి ఓరచూపు చూస్తుంది. ప్రతి బోల్టు మరమీదా గ్రీజు ఆనవాలు లేకుండా తుడిచి, నీలిరంగు లోక్‌టైట్ ఒక్క చుక్క. క్షీరసాగరంలో పుట్టిన హాలాహలం శివుడి కంఠంలో నిలిచినట్టు ఆ నీలం మరల నడుమ నిలిచింది. ఎంత వణికినా విడవదు, కీతో తిప్పితే మాత్రం మాట వింటుంది.

మాస్టారు అలెన్ కీ ఎత్తారు. పై ఎడమ బోల్టుకు ఒక చుట్టు. వెంటనే పక్కదానికి పోలేదు, కర్ణమార్గాన కింది కుడి దానికి పోయారు. తర్వాత పై కుడి. ఆపైన కింది ఎడమ. మళ్లీ మొదటికి. ఒకేవైపు బిగిస్తే పీఠం వంకరపోతుందని, పక్షపాతం రాజ్యాలను కూల్చినట్టు ఇంజన్లనూ కూలుస్తుందని ఎరిగిన ధర్మజుడాయన. చివరి చుట్టుకు మణికట్టు నరాలు తీగల్లా లేచాయి, బుగ్గలు ఉబ్బాయి, చెవిమీది పెన్సిలు కింద పడింది. "చాలు సార్, ఇగ బోల్టు ఏడుస్తది," అన్నాడు భాయ్. మాస్టారు ఆగారు.

ఎందుకింత తాపత్రయం? నిమిషానికి 7,000 చుట్లు తిరిగే ఈ టూ-స్ట్రోక్ ఇంజన్‌లో చుట్టుకొక పేలుడు. సెకనుకు 116కు పైగా పిడుగులు. ఒక్కో పిడుగూ ఈ నాలుగు బోల్టులను గుంజుతుంది, గుద్దుతుంది, వదులై పొమ్మని బతిమాలుతుంది. రెక్కల సొగసూ తోక వయ్యారమూ పసుపు చీర మెరుపూ అన్నీ కలిసి ఆకాశంలో ఊరేగాలంటే, ఈ నలుగురు ద్వారపాలకులు ఆ పిడుగులకు తలొగ్గకూడదు. ఒక్కడు తలొగ్గినా మిగతా ముగ్గురి మీద భారం, ఆ తర్వాత భారమంతా భూమి మీద.

పరివారాన్ని త్వరగా సమకూర్చారు. ట్యాంకు నుంచి పెట్రోలు ఓర్చుకునే పచ్చని గొట్టం వచ్చింది. సిలికాన్ గొట్టమైతే పెట్రోలుకు నానబెట్టిన శనగలా ఉబ్బి ఊడిపోతుంది. నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పెట్టెను దాని సొంత బ్యాటరీతో ముక్కు దగ్గర, రేడియో రిసీవర్‌ను 30 సెంటీమీటర్లకు తగ్గని దూరాన క్యాబిన్ వెనక కూర్చోబెట్టారు. అత్తాకోడళ్లంత దగ్గరైతే ఒకరి చిటపట మరొకరి చెవిన పడి కొంప మునుగుతుంది. రేడియో ఆజ్ఞకు కదిలే సర్వో నుంచి కార్బురేటర్‌కు ఇనుప కడ్డీ బదులు నైలాన్ కడ్డీ వెళ్లింది, ఆ చిటపట దాని వెంట పాకకుండా. ఒక లీటరు పెట్రోలులో 33 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ నూనె, మందు సిరంజీతో కొలిచి, కలిపి, వడకట్టి పోశారు. 18 అంగుళాల చెక్క ప్రొపెల్లర్ ఖడ్గంలా ముక్కున మెరిసింది.

పెరట్లోకి ఊరేగింపు బయల్దేరింది. ముందు మాస్టారు రేడియో చేతపట్టి, వెనక విమానాన్ని మోస్తూ మేనల్లుడు, ఆ వెనక తోలు గ్లవ్ తొడుక్కున్న భాయ్. తోకను నైలాన్ తాడుతో కొబ్బరిచెట్టుకు కట్టారు. చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టారు. ప్రొపెల్లర్‌కు ఎదురుగా, పక్కన ఎవరూ లేకుండా చూశారు. గోడవతల పక్కింటివాళ్లు మేడెక్కారు.

చోక్ మూశారు. ఇగ్నిషన్ వేశారు. భాయ్ ప్రొపెల్లర్‌ను విసిరి తిప్పాడు. ఉలుకు లేదు. మళ్లీ తిప్పాడు. పలుకు లేదు. మరోసారి తిప్పేసరికి "ఠప్" మని ఒక్క తుమ్ము. శుభశకునం! పెట్రోలు సిలిండరుకు అందిందన్న వార్త. చోక్ తెరిచారు. భాయ్ మీసం సవరించి, ఊపిరి బిగించి, వాలి కంఠాన్ని పట్టిన సుగ్రీవుడిలా ప్రొపెల్లర్ అంచు పట్టి విసిరాడు.

లేచింది! నిద్ర విడిచిన కుంభకర్ణుడు తొలి ఆవులింతతో దిక్కులను మింగినట్టు గర్జిస్తూ లేచింది! నీలిపొగ చామరాలు వీచింది, ఎండుటాకులు వేలసంఖ్యలో దండయాత్ర ప్రారంభించాయి, తీగమీద ఆరేసిన మాస్టారి లుంగీ జయపతాకమై రెపరెపలాడింది, కొబ్బరిచెట్టు మొదటికంటా వణికి రెండు పిందెలు సమర్పించుకుంది. పావురాలు ఒక్కుమ్మడిగా లేచి ఉస్మానియా దిక్కుకు పారిపోయాయి. సందులోని కుక్కలన్నీ ఏకకంఠంతో వేదఘోష అందుకున్నాయి. ఖడ్గమై నిలిచిన ప్రొపెల్లర్ చక్రమై, చక్రం కాంతివలయమై, కాంతివలయం శూన్యమై కంటికి ఆనలేదు. తాడు నారిలా బిగిసింది, పుష్పకం పసుపు చీరలో ఒళ్లంతా పులకరించింది, "ఇప్పుడే, ఇక్కడినుంచే" అని ముందుకు ఉరకబోయింది. నడుమ ఆ నలుగురు! అంత ప్రళయంలోనూ ఫైర్‌వాల్‌కు అంటుకుని, వెంట్రుకవాసి కదలక, దిగ్గజాల్లా నిలబడ్డారు.

మాస్టారు రేడియోమీద మీట నొక్కారు. ఇగ్నిషన్ ఆగింది, గర్జన తెగింది. మేడమీది జనం ఈలలు వేశారు. భాయ్ గాల్లోకి ఎగిరాడు. మేనల్లుడు ఫోన్ తీసి సెల్ఫీకి పిలిచాడు. మాస్టారు మాత్రం ఇంజన్ చల్లబడేదాకా స్టూలు మీద కూర్చుని, తర్వాత లేచి, ఒక్కొక్క బోల్టునూ కీతో మళ్లీ అడిగారు. నాలుగూ కదలమన్నాయి. ప్రొపెల్లర్ నట్టు ఒక్కటే, కొత్త చెక్క అణగడం వల్ల, పావుచుట్టు చోటిచ్చింది. దాన్నీ బిగించారు.

ఇది శ్రీమత్తార్నాకాపురవరాలంకార, ప్లైవుడ్డుచూర్ణ ధూసరిత సర్వాంగ, అలెన్‌కీ ధురంధర మాస్టారుల సాహసైక సంభవంబైన చతుర్బోల్టు విజయంబను మహాప్రబంధంబునందు, మంత్రాంగంబును, చతూరంధ్ర భేదనంబును, నట్టు పాతాళ పతనంబును, మయూరీ కృత తదుద్ధరణంబును, ఇంజన్ ప్రతిష్ఠయు, ప్రథమ గర్జనంబును గల ప్రథమాశ్వాసము సర్వంబును సమాప్తము. కౌలింగ్ కల్యాణంబు ద్వితీయాశ్వాసంబున. కరెంటు బిల్లు చెల్లింపు, గడువు దాటకపోయినచో, తృతీయంబున.